ఆచూకీ లేని సైనికులు – అన్వేషించే సామాన్యులు
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు నిండిన విద్యాలయపు పండుగలో ఏదైనా ఒక చారిత్రక విషయం మీద మాట్లాడవలసిందిగా కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. నేను ఎన్నుకొన్న విషయం విని కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. “పండుగనాడు యుద్ధంలో చనిపోయినవారి అస్థికల మాట ఎందుకండీ?” అని అడిగారు. ఆ ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానం నా ప్రసంగం పూర్తయ్యేసరికి తమకే స్ఫురిస్తుందని నమ్ముతున్నాను. ప్రస్తుతానికి ఒక్క మాట మనవి చేస్తాను. ఈ లోకంలో మనిషి పేరును మొట్టమొదట శ్రద్ధగా వ్రాసిపెట్టే సంస్థలలో పాఠశాల ఒకటి. యుద్ధం ఆ పేరునే తుడిచివేస్తుంది. తుడిచివేసిన పేర్లను మరల వెదికి వ్రాసే సామాన్యుల కథ పాఠశాలలో చెప్పదగిన కథ అని నా అభిప్రాయం.

మన షోలాపురానికి ఈ విషయంతో ఒక సంబంధం ఉన్నది. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1910లో ఈ ఊరిలోనే జన్మించారు. జపాను దండయాత్రకు గురి అయిన చైనాకు సహాయంగా 1938లో మన దేశం పంపిన అయిదుగురు వైద్యుల బృందంలో ఆయన ఒకరు. యుద్ధభూమిలో అహోరాత్రాలు శస్త్రచికిత్సలు చేసి 1942 డిసెంబరు 9వ తేదీన, 32 ఏళ్ల వయస్సులో అక్కడే కన్నుమూశారు. పరాయి దేశమైనా ఆ దేశపు ప్రజలు ఆయనకు సమాధి కట్టారు, తరువాత షిజియాజువాంగ్ నగరంలోని అమరవీరుల శ్మశానవాటికలో స్థానమిచ్చారు, నేటికీ పువ్వులు ఉంచుతున్నారు. కన్నబిడ్డ ఏ మట్టిలో నిద్రిస్తున్నాడో ఆ కుటుంబానికి తెలుసు. దుఃఖంలో ఇది కూడా ఒక భాగ్యమే. ఈ భాగ్యానికి నోచుకోని లక్షలాది కుటుంబాల గురించే నేడు నేను మాట్లాడదలచాను.

యుద్ధంలో సైనికుడు మరణిస్తే ఇంటికి ఒక కాగితం వస్తుంది. మరణించాడో, బందీ అయ్యాడో, ఎక్కడ పడిపోయాడో తెలియనప్పుడు మరొక రకమైన కాగితం వస్తుంది. అందులో ఉండేది ఒకే మాట – గల్లంతు. మొదటి కాగితం ఏడ్పిస్తుంది. రెండవది ఏడ్వనివ్వదు. ఆ ఇల్లాలు ముత్తైదువో కాదో ఆమెకే తెలియదు. తల్లి ప్రతి రాత్రి ఒక ముద్ద అన్నం మిగిల్చి కూర్చుంటుంది. కొడుకు ఏ తిథినాడు తద్దినం పెట్టాలి? మన పూర్వులు ఈ బాధను ఎరుగనివారు కారు. దేశాంతరం పోయి ఎంతకాలానికీ తిరిగిరాని వానికి మోదుగ ఆకులతో మనిషి ఆకృతి చేసి దహనం చేయమని ధర్మశాస్త్రం విధించింది. ఏడు సంవత్సరాలు ఆచూకీ లేనివానిని మరణించినట్లు భావించవచ్చునని మన చట్టం చెప్పింది. శాస్త్రమూ చట్టమూ రెండూ కూడా ఆ కుటుంబానికి ఏదో ఒక ముగింపు కల్పించడానికి చేసిన ప్రయత్నాలే. కాని ఆకులను దహించినంత మాత్రాన తల్లి మనస్సు ఊరుకొంటుందా?

రెండవ ప్రపంచ యుద్ధం ఈ బాధను ఊహకందని పరిమాణానికి పెంచింది. విదేశీ భూములలోను, సముద్రాలలోను, ఓకినావా వంటి దీవులలోను మరణించిన జపానీయులు సుమారు 24 లక్షలు; వారిలో దాదాపు 11 లక్షల మంది అస్థికలు నేటికీ ఇంటికి చేరలేదు. సోవియట్ దేశం కోల్పోయిన సైనికులు అధికారిక లెక్క ప్రకారమే 86 లక్షలకు పైన. వీరిలో ఎందరో ఏ గుర్తూ లేకుండా అడవులలో, బురద నేలలలో ఉండిపోయారు. ప్రభుత్వాలు విజయస్తంభాలు కట్టించాయి. కాని ఆ స్తంభానికి పది క్రోసుల దూరంలో, నాచు క్రింద, తుప్పు పట్టిన శిరస్త్రాణంతో పడి ఉన్నవానిని పలకరించినవారు మాత్రం సామాన్యులు. అటువంటి రెండు చోట్ల కథలు మీ ముందు ఉంచుతాను.

మొదటిది రష్యాలోని మ్యాస్నోయ్ బోర్. నోవ్‌గొరోద్ నగరానికి ఉత్తరాన ఉన్న ఒక చిన్న రైల్వే స్టేషను అది. ఆ మాటకు “మాంసపు అడవి” అని అర్థం. యుద్ధానికి ఎంతో ముందునుంచీ ఉన్న పేరే అయినా, 1942 తరువాత ఆ పేరు పలకడానికి అక్కడివారు జంకేవారట. 1941 సెప్టెంబరులో జర్మను సైన్యం లెనిన్‌గ్రాడ్ నగరాన్ని ముట్టడించింది. ఆకలితో మాడుతున్న ఆ నగరాన్ని విడిపించడానికి 1942 జనవరిలో సోవియట్ సేనలు వోల్ఖోవ్ నది దాటి దాడి ప్రారంభించాయి. ద్వితీయ ప్రహార సేన అనే సైన్యం మ్యాస్నోయ్ బోర్ వద్ద శత్రువుల వరుసను ఛేదించి లోపలికి చొచ్చుకొని పోయింది. కాని వెనుకనున్న దారి చాలా సన్ననిది. మార్చిలో జర్మనులు ఆ దారిని మూసివేశారు. మరల కొంత తెరచుకొన్నది, మరల మూసుకొన్నది. మంచు కరిగి అడవి అంతా చిత్తడి అయింది. ఆహారం లేదు, మందుగుండు లేదు. గుర్రాలను తిన్నారు, చెట్ల బెరడు తిన్నారు. జూన్ చివరి వారంలో, కొన్ని వందల గజాల వెడల్పు మాత్రమే ఉన్న ఆ సందులోనుంచి, రెండు ప్రక్కల నుండి కురుస్తున్న నిప్పుల మధ్య, బయటపడడానికి ప్రయత్నించారు. బయటపడినవారు కొద్దిమంది. ఆ సందుకు మృత్యులోయ అని పేరు వచ్చింది. జనవరి నుండి జులై వరకు ఆ ప్రాంతపు పోరాటాలలో మరణించినవారు, గల్లంతైనవారు, బందీలైనవారు కలిసి లక్షన్నరకు దగ్గరగా ఉంటారు.

అంతటితో వారి దురదృష్టం ముగియలేదు. ఆ సైన్యానికి చివరి సేనాని అయిన జనరల్ వ్లాసోవ్ 1942 జులైలో జర్మనులకు చిక్కి, తరువాత వారి పక్షం చేరాడు. సేనాని చేసిన పనికి సైన్యమంతటికీ మచ్చ అంటుకొన్నది. చిత్తడి నేలలో ఆకలితో తుపాకీ వదలకుండా చనిపోయిన కుర్రవాడు కూడా ద్రోహి సైన్యంలోనివాడే అయినాడు. వారి పేర్లు ఎత్తడానికి అధికారులకు ఇష్టం లేదు. ఏళ్లు గడిచాయి. అడవి పెరిగింది. ఎముకల మధ్యనుంచి బిర్చి చెట్లు లేచాయి.

ఆ సైన్యపు పత్రికలో పనిచేసిన మూసా జలీల్ అనే తాతారు కవి కథ ఒక్కటి చాలు, ఆ మచ్చ ఎంత అన్యాయమైనదో తెలియడానికి. ఆయన 1942 జూన్‌లో గాయపడి బందీ అయ్యాడు. చెరలో ఉండి కూడా జర్మనులకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేశాడు. పట్టుబడి, 1944 ఆగస్టు 25న బెర్లినులో శిరచ్ఛేదానికి గురి అయ్యాడు. స్వదేశంలో మాత్రం ఆయనను కొన్నాళ్లు ద్రోహిగానే అనుమానించారు. చెరలో వ్రాసిన చిన్న నోటుపుస్తకాలను తోటి ఖైదీలు కాపాడి అందజేసిన తరువాత గాని సత్యం వెల్లడి కాలేదు. 1956లో ఆయనకు దేశపు అత్యున్నత వీర బిరుదం లభించింది. ఆయన అస్థికలు మాత్రం నేటికీ దొరకలేదు. కవికి నోటుపుస్తకాలు మిగిలాయి. ఆయన ప్రక్కన నడిచిన రైతు బిడ్డకు ఏమి మిగిలింది?

ఈ ప్రశ్నను తన ప్రశ్నగా చేసుకొన్నవాడు నికొలాయ్ ఒర్లోవ్. సేనాపతి కాడు, పండితుడు కాడు. యుద్ధానంతరం మ్యాస్నోయ్ బోర్ స్టేషనులో నివాసమున్న ఒక రైల్వే కుటుంబంలోని యువకుడు. ఇంటి వెనుక అడవిలో అడుగడుగునా అస్థిపంజరాలు, అడుగడుగునా పేలని మందుపాతరలు. మందుపాతరలను ఏ విధంగా నిర్వీర్యం చేయాలో తనంతట తానే నేర్చుకొన్నాడు. ఒక్కొక్క సైనికుని ప్రక్కన కూర్చుండి, అతని పేరు తెలిపే ఆధారం ఏదైనా ఉన్నదేమోనని వెదికేవాడు. దొరికిన చిరునామాకు ఉత్తరం వ్రాసేవాడు. తరువాత నోవ్‌గొరోద్‌లోని రసాయన కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ, తోటి కార్మికులను, యువకులను కూడగట్టి ఒక అన్వేషక బృందాన్ని తయారు చేశాడు. 1980లో ఆయన మరణించేనాటికి ప్రభుత్వపు గుర్తింపు అంతంత మాత్రమే. ఆ బృందం మాత్రం ఆగలేదు. ఆయన సోదరుడూ స్నేహితులూ కొనసాగించారు. 1980ల చివర అది విస్తరించి, ఆయన పేరిట “దొలీనా” – అంటే లోయ – అనే అన్వేషణ యాత్ర అయింది. నోవ్‌గొరోద్ ప్రాంతంలో ఈ యాత్ర వెలికితీసి గౌరవంగా ఖననం చేసిన సైనికుల సంఖ్య లక్ష దాటింది. ఒక రైల్వే కుటుంబపు యువకుడు ఒంటరిగా మొదలుపెట్టిన పని ఇది.

ఆ పని ఏ విధంగా జరుగుతుందో విద్యార్థులు తెలుసుకోవాలి. మంచు కరిగిన తరువాత, గడ్డి పెరగక మునుపు, ఏప్రిల్ చివర మొదటి శిబిరం వేస్తారు. వేసవి చివర మరొకటి. వచ్చేవారిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, కార్మికులు, ఇంజనీర్లు అందరూ ఉంటారు. తమ సెలవులను, తమ సొంత డబ్బును ఖర్చు పెట్టుకొంటారు. లోహాన్ని కనిపెట్టే యంత్రం ఒకటి, మొనదేలిన పొడవాటి ఉక్కు కడ్డీ ఒకటి – ఇవే ప్రధానమైన సాధనాలు. కడ్డీని మట్టిలోకి గుచ్చినప్పుడు రాయికి ఒక చప్పుడు, కర్రకు ఒక చప్పుడు, ఎముకకు ఒక చప్పుడు ఉంటుంది. అనుభవజ్ఞుల చేతికి ఆ తేడా తెలుస్తుంది. ఎముక దొరికిన తరువాత పార ప్రక్కన పెట్టి, చిన్న కత్తితోను, కుంచెతోను, చివరకు చేతివ్రేళ్లతోను మట్టి తొలగిస్తారు.

వారు ఆశగా వెదికేది ఒక చిన్న నల్లని గొట్టం కోసం. చిటికెన వ్రేలంత ఉంటుంది. ఎబొనైట్ అనే గట్టి పదార్థంతో చేసినది, మర మూత గలది. 1941లో సోవియట్ సైనికులకు ఈ గొట్టాలు ఇచ్చారు. లోపల ఒక చిన్న కాగితం. దానిమీద పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు, ఇంటివారి చిరునామా వ్రాసుకోవాలి. మూత బిగుతుగా ఉండి నీరు చొరకపోతే ఎనభై ఏళ్ల తరువాత కూడా ఆ వ్రాత చదవగలుగుతున్నారు. తడిసి ముద్దయిన కాగితాన్ని శుద్ధజలంలో ఉంచి, సూదులతో మెల్లగా విప్పి, అతినీలలోహిత కాంతి క్రింద పరిశీలిస్తారు. ఒక్కొక్క అక్షరం తేలుతుంది. కాని చాలా గొట్టాలలో కాగితం ఖాళీగా ఉంటుంది. కారణం ఏమిటంటే, ఆ కాగితం నింపితే చావు తప్పదని సైనికులలో ఒక మూఢవిశ్వాసం ఉండేదట. కొందరు ఆ గొట్టంలో సూదులు, పొగాకు దాచుకొనేవారు. పైగా 1942 నవంబరులో సైన్యమే ఈ గొట్టాలను రద్దు చేసింది, గుర్తింపు పుస్తకం ఒక్కటి చాలునని. పుస్తకం కాగితమే కదా! మట్టిలో కాగితం ఎంతకాలం ఉంటుంది? అందువలన దొరికినవారిలో పేరు తెలిసేది కొద్దిమందిదే. మిగిలినవారికి అప్పుడప్పుడు ఒక చెంచా సాయపడుతుంది. తిండి చెంచా మీద, మంచినీటి సీసా మీద, భోజనపు గిన్నె మీద తమ పేరును మేకుతో గీసుకొన్న కుర్రవాళ్లు కొందరు ఉన్నారు.

ఇక్కడ నేను ఉపాధ్యాయులకు ఒక మాట మనవి చేయాలి. ఆ గీతలు చెక్కిన చేయి ఏదో ఒక గ్రామంలోని బడిలో, ఏదో ఒక పంతులుగారి దగ్గర అక్షరాలు దిద్దిన చేయి. ఆయన నేర్పిన అక్షరాలే ఎనిమిది దశాబ్దాల తరువాత ఆ బిడ్డను ఇంటికి చేర్చాయి. మనం నేర్పే చదువుకు ఎంత దూరం ప్రయాణం చేసే శక్తి ఉన్నదో మనకే తెలియదు.

పేరు తెలిసిన తరువాత బంధువుల కోసం అన్వేషణ మొదలవుతుంది. తల్లిదండ్రులు గతించి ఉంటారు. భార్యలు గతించి ఉంటారు. మనుమలో, మునిమనుమలో దొరుకుతారు. 2007 నుండి సోవియట్ యుద్ధకాలపు దస్తావేజులను రష్యా ప్రభుత్వం అందరికీ అందుబాటులోకి తెచ్చిన తరువాత ఈ పని కొంత సులువైనది. ఆఖరున చిన్న ఎర్రని పేటికలలో అస్థికలను ఉంచి, మతాచారాలతోను సైనిక లాంఛనాలతోను ఖననం చేస్తారు. చివరి సైనికుని ఖననం చేసేదాకా యుద్ధం ముగిసినట్లు కాదని అక్కడ ఒక నానుడి ఉన్నది.

రెండవ కథ జపానుకు దక్షిణాన ఉన్న ఓకినావా దీవిది. ఇది ముఖ్యంగా పూర్వవిద్యార్థులు వినవలసిన కథ. 1945 ఏప్రిల్ నుండి జూన్ వరకు అమెరికా, జపాను సేనలు ఆ చిన్న దీవిమీద తలపడ్డాయి. సైనికులు, సాధారణ ప్రజలు కలిసి రెండు లక్షల మందికి పైగా మరణించారు. ఆ దీవిలో పక్కపక్కనే రెండు బాలికా విద్యాసంస్థలు ఉండేవి – ఒకటి ఉపాధ్యాయినీ శిక్షణాలయం, మరొకటి ఉన్నత పాఠశాల. ఒక పాఠశాల పత్రిక పేరులోని మాటను, రెండవ పాఠశాల పత్రిక పేరులోని మాటను కలిపి ఆ విద్యార్థినులను “హిమెయురి” అని పిలిచేవారు. ఒక జాతి లిల్లీ పువ్వు పేరు అది. రెండు పాఠశాల సంచికల పేర్లు కలిసి పుట్టిన పేరు చరిత్రలో నిలిచిపోవడం విచిత్రమే! 1945 మార్చి 23 రాత్రి 222 మంది విద్యార్థినులను, 18 మంది ఉపాధ్యాయులను సైనిక వైద్యశాలలో సేవకై తరలించారు. వైద్యశాల అంటే భవనం కాదు, కొండను తొలిచిన గుహలు. జూన్ 18న, చుట్టూ శత్రుసేనలు ఉండగా, “మీ దారి మీరు చూసుకోండి” అని ఆ పిల్లలను విడిచిపెట్టారు. వారిలో 123 మంది విద్యార్థినులు, 13 మంది ఉపాధ్యాయులు తిరిగిరాలేదు.

యుద్ధం ముగిసిన తరువాత ఓకినావా దక్షిణ భాగంలో పొలాలనిండా ఎముకలు. పంట వేయాలంటే ముందు ఎముకలు ఏరాలి. 1946 ఆరంభంలో మవాషి గ్రామస్తులు ఆ ప్రాంతంలో తాత్కాలికంగా నివసిస్తుండగా, గ్రామపెద్ద కింజో వాషిన్, ఆయన భార్య ముందు నిలిచి ఆ అస్థికలను సేకరించే పనికి పూనుకొన్నారు. ఆ దంపతులు కూడా ఈ యుద్ధంలోనే తమ బిడ్డలను పోగొట్టుకొన్నవారు. సైనికుడా, రైతా, స్వదేశీయుడా, శత్రువా అని విచారించలేదు. సుమారు 35,000 మంది అస్థికలను ఒకచోట చేర్చి ఒక స్మారకం కట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, విద్యార్థినులు మరణించిన గుహ ముందు మరొక చిన్న రాతి స్మారకం నిలిపారు. దానిలో ఆడంబరం ఏమీ లేదు. ప్రక్కన నిలిచిన మనిషికన్నా పొట్టిది.

తరువాతి ఘట్టం పూర్వవిద్యార్థినులది. ఆ రెండు పాఠశాలలు యుద్ధంతోనే అంతరించాయి. భవనం లేదు, తరగతి లేదు, కొత్త విద్యార్థులు లేరు. పూర్వవిద్యార్థినుల సంఘం మాత్రం మిగిలింది. బ్రతికి బయటపడినవారు మరణించిన స్నేహితురాళ్ల గురించి చాలా ఏళ్లు నోరు విప్పలేకపోయారు. నడివయస్సు దాటిన తరువాత సంఘటితమై, గుహలలోకి మరల దిగారు. నాటి వస్తువులను వెలికితీశారు. విరాళాలు పోగుచేసి 1989 జూన్ 23న ఒక శాంతి ప్రదర్శనశాలను స్థాపించారు. అందులో రెండు వందలకు పైగా మృతుల ఛాయాచిత్రాలు ఉన్నాయి. ఒక్కొక్క చిత్రం క్రింద పేరు, ఆ పిల్ల స్వభావం ఎటువంటిది, ఎక్కడ ఏ విధంగా మరణించింది అన్న వివరాలు ఉన్నాయి. పాఠశాల పోయినా పూర్వవిద్యార్థులు నిలబడితే పాఠశాల నిలుస్తుందన్నదానికి ఇంతకన్న నిదర్శనం నాకు తెలియదు.

అదే దీవిలో గుషికెన్ తకమత్సు అనే వ్యక్తి 1980ల నుండి గుహలలో అస్థికలను వెదుకుతున్నారు. యుద్ధం ముగిసిన తొమ్మిదేళ్లకు పుట్టినవారు. ఆయన యుద్ధాన్ని చూడలేదు. తనను తాను “గమఫుయా” – గుహలు తవ్వేవాడు – అని చెప్పుకొంటారు. ఆయన ఎముకలను పోగుచేసి ఊరుకోరు. అవి పడి ఉన్న తీరును చదువుతారు. తుపాకి గుండుకు పడిపోయాడా, మూల నక్కి ఉండగా బాంబు పేలిందా, తన చేతిలోని బాంబుతో తానే ప్రాణం తీసుకొన్నాడా – ఆ చివరి నిమిషాన్ని అర్థం చేసుకోవడమే ఆ మనిషికి మనం ఇచ్చే గౌరవమని ఆయన భావం. పేరున్న వస్తువు ప్రక్కన దొరికితేనే డి.ఎన్.ఎ. పరీక్ష చేస్తామన్న ప్రభుత్వ నియమాన్ని సడలించాలని ఆయన వంటివారు పోరాడారు. 2016లో జపాను శాసనసభ అస్థికల సేకరణ దేశం బాధ్యత అని చట్టం చేసింది. 2021లో, దక్షిణ ఓకినావాలోని అస్థికలు కలిసిన మట్టిని త్రవ్వి సైనిక స్థావర నిర్మాణానికి సముద్రం పూడ్చడానికి వాడరాదని ఆయన నిరాహార దీక్షకు కూర్చున్నారు. యుద్ధంలో చనిపోయినవారి మట్టితో మరొక యుద్ధానికి పునాది వేయరాదన్నది ఆయన వాదం. ఆ వాదంతో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా, ఆ ఆవేదన అర్థం కానివారు ఉండరు.

సభాసదులారా! ఈ కథలు దూరదేశాలవి. మనకు సంబంధం లేదా? ఉన్నది. 1944లో ఇంఫాలు, కొహిమా ప్రాంతాలలో ఘోరయుద్ధం జరిగింది. బర్మా రంగంలో పోరాడిన భారత సైన్యంలో, ముఖ్యంగా మద్రాసు సాపర్ల దళంలో, తెలుగు బిడ్డలు ఉన్నారు. కొహిమా శ్మశానవాటికలో సమాధులతో పాటు, దహన సంస్కారం పొందిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు చెక్కిన స్మారకం ఉన్నది. రంగూను దాపున తౌక్యాన్ వద్ద, సమాధి లేని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు స్తంభాలమీద చెక్కి ఉన్నాయి. దహనం చేసే సంప్రదాయం మనది. బూడిద నదిలో కలిసిన తరువాత మిగిలేది పేరు ఒక్కటే. కాబట్టి పేరు పోతే మనకు సర్వస్వమూ పోయినట్లే. మణిపురంలో స్థానిక చరిత్రాభిమానులు కొందరు ఆ యుద్ధభూములలో అవశేషాలను శోధించి సేకరిస్తున్నారు. ఎర్రకొండ పాదం వద్ద 2019లో శాంతి ప్రదర్శనశాల వెలసింది. అక్కడ మరణించిన జపానీయులు మన శత్రుపక్షంలో వచ్చినవారే. అయినా వారి అస్థికల కోసం వచ్చిన వృద్ధులకు ఆ గ్రామస్తులు దారి చూపారు.

స్వతంత్ర భారతంలోనూ ఈ బాధ ఉన్నది. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుండి లేహ్‌కు 102 మందితో బయలుదేరిన వైమానిక దళపు విమానం హిమాలయాలలో అదృశ్యమైనది. 2003లో పర్వతారోహకులు హిమానీనదం మీద శకలాలను, ఒక సైనికుని అస్థికలను కనుగొన్నారు. 2024లో సైనికులు, పర్వత రక్షక బృందంవారు కలిసి మరి నలుగురి దేహాలను వెలికితీసి, 56 సంవత్సరాల తరువాత వారి స్వగ్రామాలకు చేర్చారు.

మరొక వర్గం వారిని కూడా స్మరించాలి. సయాం – బర్మా రైలుమార్గం నిర్మాణానికి జపాను సైన్యం మలయా తోటలనుండి తరలించిన కూలీలలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. యుద్ధం ముగియగానే ఖైదీలైన తెల్ల సైనికుల సమాధులను అధికారులు ఆ మార్గం పొడవునా వెదికి, కాంచనబురి వంటి చోట్ల చక్కని శ్మశానవాటికలలో చేర్చారు. వేలకు వేలుగా చనిపోయిన ఆసియా కూలీల పేర్లు వ్రాసుకొన్నవారు లేరు. సైనికునికి పట్టీలో పేరు ఉంటుంది, కూలికి అదీ లేదు. బ్రతుకుతెరువు కోసం ఊరు విడిచిన కుటుంబాలవారము కనుక ఈ మాట మనకు సూటిగా తగులుతుంది. మన పెద్దలూ తెలంగాణపు పల్లెలనుండి మగ్గం పని నమ్ముకొని ఈ ఊరు చేరినవారే గదా!

ఇక ఒక ఆక్షేపణ ఉన్నది. బ్రతికినవారికి అన్నం లేని లోకంలో చచ్చినవారి ఎముకలకు ఇంత ఖర్చు, ఇంత శ్రమ ఎందుకు అని. ఇది తేలికగా కొట్టివేయవలసిన మాట కాదు. కాని గమనించండి. ఆ శ్రమ ఎముకకోసం కాదు, దానికోసం ఎదురుచూస్తున్న బ్రతికినవారి కోసం. పైగా ఈ పని చేసినవారు సాధారణంగా ఎవరి అన్నమూ తీసి దీనికి ఖర్చు పెట్టలేదు. తమ సెలవు దినాలను ఖర్చు పెట్టారు.

ఇంతకన్న బలమైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. మృతవీరుల పేరిట బ్రతికినవారిని మరల యుద్ధానికి పురికొల్పడం. ఇది నిజంగా జరిగే ప్రమాదం. 1942లో మరణించినవారి ఎముకలకోసం వెదకిన ఆ తూర్పు ఐరోపాలోనే 2022 నుండి మరల మహాయుద్ధం చెలరేగి, కొత్తగా వేలాది మంది గల్లంతయ్యారు. ఉక్రెయినులో పాత యుద్ధపు అస్థికలు వెదికిన స్వచ్ఛంద సేవకులే నేడు కొత్త యుద్ధపు దేహాలను, ఇరుపక్షాలవారివీ, పొలాలనుండి తెస్తున్నారు. ఇంతకన్న విషాదం ఉన్నదా? అస్థికలను అమ్ముకొనే దొంగ త్రవ్వకందార్లు, పతకాల వ్యాపారులు కూడా లేకపోలేదు. కాబట్టి ఈ సేవకు ఒక గీటురాయి ఉండాలి. శత్రువు ఎముకను కూడా అదే చేతితో, అదే శ్రద్ధతో ఎత్తగలిగితేనే అది సేవ. 1992లో రష్యా, జర్మనీ దేశాలు పరస్పరం సమాధుల సంరక్షణకు ఒప్పందం చేసుకొన్నాయి. ఓకినావాలో 1995లో నిలిపిన శాంతి శిలలమీద జపానీయులు, అమెరికనులు, కొరియనులు అన్న భేదం లేకుండా సుమారు 2,40,000 మంది పేర్లు చెక్కారు. ఆ శిలలముందు నిలిచిన బాలుడు యుద్ధానికి జయము అనడు.

చివరగా, మన కర్తవ్యం. మన పాఠశాల కార్యాలయపు బీరువాలో మొదటి సంవత్సరం నుండి ప్రవేశ పట్టికలు ఉన్నాయి. సిరా వెలిసిపోతున్నది, అంచులు చెదలు కొడుతున్నాయి. ఒక్కొక్క వరుసలో ఒక బిడ్డ పేరు, తండ్రి పేరు, స్వగ్రామం, చదువు మానిన కారణం ఉన్నాయి. వాటిని శుభ్రంగా తిరిగి వ్రాయించి రెండు చోట్ల భద్రపరచవలసిందిగా కార్యవర్గాన్ని ప్రార్థిస్తున్నాను. పూర్వవిద్యార్థులు ఒక్కొక్క సంవత్సరపు పట్టికను ఒక్కొక్కరు బాధ్యతగా తీసుకొంటే, ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరు లేరో తెలుస్తుంది. సైన్యంలో చేరినవారు, తిరిగిరానివారు ఉంటే వారి వివరాలు ప్రత్యేకంగా వ్రాయండి. విద్యార్థులకు ఒక పని చెబుతున్నాను. ఈ వేసవి సెలవులలో మీ ఇంటి అవ్వలను, తాతలను కూర్చోబెట్టి అడగండి: మన ఇంటినుండి బర్మాకో, మలయాకో, యుద్ధానికో వెళ్లి తిరిగిరానివారు ఎవరైనా ఉన్నారా? వారి పేరు ఏమిటి? చెప్పింది చెప్పినట్లు తెలుగులో వ్రాసి మీ పంతులుగారికి ఇవ్వండి. ఆ పేరు తెలిసిన ఆఖరి మనిషి మీ అవ్వే కావచ్చు.

మ్యాస్నోయ్ బోర్ అడవిలోనో, ఓకినావా గుహలోనో మనం మట్టి త్రవ్వనక్కరలేదు. మన మట్టి ఇక్కడే, ఈ బీరువాలోనే ఉన్నది. త్రవ్వడానికి ఓపిక గల చేతులు కావాలి. ఆ చేతులు ఈ సభలో ఉన్నాయని నా విశ్వాసం.

మన పాఠశాల శతవార్షికోత్సవం చూడాలని, ఆనాటికి ఆ పట్టికలలోని ఏ ఒక్క పేరూ చెరిగిపోకుండా ఉండాలని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకొంటున్నాను.